నలభై ఒకటో పేజీ, నాలుగో వరుస

సురబయా
1986 ఫిబ్రవరి 9

అక్కా,

నాలుగేళ్ల తర్వాత ఉత్తరం రాస్తూ "అందరూ క్షేమమా" అని మొదలుపెట్టడానికి నాకు మొహం చెల్లడం లేదు. అందుకే నేరుగా పనిలోకి వస్తాను. నువ్వు తిట్టుకునేది తిట్టుకుంటూనే చదువు.

నేను పనిచేసే ప్రయాణాల కంపెనీ ఒక పుస్తకం వేస్తోంది. సులవేసి దీవిలో చూడదగ్గ స్థలాలు, దారులు, పటాలు, ఫొటోలు అన్నీ ఉంటాయి. మన తొరాజా కొండల భాగం నాకు అప్పగించారు. "నువ్వు అక్కడ పుట్టినవాడివేగా, నీకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు యజమాని. ఆరేళ్ల వయసులోనే నాన్న నన్ను ఓడెక్కించి జావా తెచ్చేశాడనీ, నాకు గుర్తున్నదల్లా గేదెల వాసన, అమ్మమ్మ వక్క దంచే చప్పుడూ మాత్రమేననీ ఆయనకి చెప్పలేదు. చెబితే పని ఇంకొకడికి పోతుంది.

నువ్వు రోజూ లోందా గుహల దగ్గర దీపం పట్టుకుని టూరిస్టులకి దారి చూపిస్తావు. ఏవి చూడాలి, ఏ వేళప్పుడు చూడాలి, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి, నీకు తోచినట్టు రాసి పంపు. నేను సర్దుకుంటాను.

ఇంకొక సంగతి. లెమో కొండ మీద పోయిన పెద్దల పోలికతో చెక్కిన కొయ్యబొమ్మల ఫొటో ప్రతి పుస్తకంలోనూ ఉంది. మన కొండ మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అమ్మమ్మ వంశం వాళ్ల బొమ్మలు పద్నాలుగు, తాతతో సహా, వరుసగా నిలబడి ఉన్నాయి, బయటివాళ్లెవరూ చూడలేదు. అది నా పుస్తకంలో మొదటిసారి వస్తే ఈ కంపెనీలో నా కుర్చీ కదలదు. అమ్మమ్మని అడిగి చెప్పు.

ఆమె సంగతి నాకు తెలుసు. నాలుగేళ్ల కిందట ఇద్దరు తెల్లవాళ్లని వెంటబెట్టుకుని వస్తే దారికి కర్ర అడ్డం పెట్టింది. "వీళ్లు మనకేం చుట్టాలురా? మనవాళ్ల మొహాలు వీళ్లకెందుకు చూపించాలి?" అంది. వాళ్ల ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మధ్యాహ్నం ఆమె నా కోసం వెదురుబొంగులో కూర వండి, పళ్లెంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది. నేను ముట్టుకోకుండా లేచి బస్సెక్కేశాను. ఆ పళ్లెం ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తూనే ఉంటుంది. అది ఉత్తరంలో చెప్పుకునేది కాదు, వచ్చి ఆమె ముందు కూర్చుని చెప్పుకోవాలి. వస్తాను. ముందు ఈ పుస్తకం పూర్తి కానీ.

నీ తమ్ముడు
సెత్యో


బుంతు రాను
1986 ఫిబ్రవరి 27

అల్లోకి అక్క దీవెనలు.

సెత్యో అన్నది నాన్న పెట్టిన పేరు, ఆఫీసులో వాడుకో. ఈ ఇంట్లో నువ్వు అమ్మమ్మ పెట్టిన అల్లోవే. నాన్న నిన్ను ఓడెక్కించి నన్ను గట్టున వదిలేసిన రోజు కూడా ఆమె నిన్ను అలాగే కేకేసింది. నీకు వినపడలేదేమో, నాకు వినపడింది.

అడిగినవి రాస్తున్నాను. లోందాకి పొద్దున్నే రమ్మను, పది దాటితే బస్సులు దిగిపోతాయి. గుహలో తల వంచుకుని నడవాలని పెద్ద అక్షరాలతో వెయ్యి. పొడుగువాళ్లకి ఎంత చెప్పినా వినరు. నుదురు కొట్టుకుని నా వంక కోపంగా చూస్తారు, గుహ నేను కట్టించినట్టు. లోపల పుర్రెల పక్కన సిగరెట్లు ఉంటాయి, అవి చెత్త కాదు, పెద్దలకి పెట్టినవి. పోయిన నెల ఒక పెద్దమనిషి ఒకటి తీసి వెలిగించుకున్నాడు. లెమోకి తొమ్మిదిలోపు వెళ్లాలి, బొమ్మల మొహాల మీద అప్పుడే ఎండ పడుతుంది. కెతె కెసులో ఎవరైనా కాఫీ ఇస్తే తాగాలి, చక్కెర ఎక్కువైనా సరే. వద్దని లేచిపోతే ఇచ్చినవాళ్ల మనసు ఎంత గాయపడుతుందో టూరిస్టులకి తెలియదు. కొందరికి తెలిసీ లేచిపోతారు.

కంబిరాలో పసివాళ్ల చెట్టు ఉంది. పళ్లు రాకముందే పోయిన పిల్లల్ని ఆ మాను తొలిచి లోపల పెడతారు, చెట్టుతో పాటు పెరుగుతారని. అక్కడ ఫొటో దిగేటప్పుడు నవ్వొద్దని రాయి. ఇది తప్పకుండా రాయి. బతుతుమొంగా పైకెక్కితే మడులు మెట్లుమెట్లుగా కిందికి దిగుతూ కనిపిస్తాయి. అక్కడ నేను వివరించి చెప్పాల్సింది ఏమీ ఉండదు, అందుకే అందరికీ ఆ చోటే ఎక్కువ నచ్చుతుంది.

ఇక ఇంటి సంగతి. అమ్మమ్మకి జబ్బు చేసింది. జనవరి పదకొండున, పొద్దున కాఫీ చేత్తో పట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. మకాలే నుంచి నర్సు వచ్చి సూదులు వేసి వెళ్లాడు. దక్షిణపు గదిలో పడుకోబెట్టాం. పొద్దున కాఫీ, మధ్యాహ్నం అన్నం, వక్కాకు, అన్నీ వేళకి పెడుతున్నాం. ఒక్కదాన్నే వదలడం లేదు, పక్కన ఎవరో ఒకరం ఉంటున్నాం. మాట లేదు. నీకు వెంటనే టెలిగ్రాం ఇచ్చాను. అడ్రసు మారిందని తిరిగొచ్చింది. మొన్న నీ ఉత్తరం చేతికి అందగానే, చదవకముందే ఏడుపొచ్చింది.

ఆగస్టులో అందరం కలవాలని పెద్దలు అంటున్నారు. దూరాన ఉన్న చుట్టాలకి కబుర్లు వెళుతున్నాయి. ఆమెకి నువ్వు ఒక్కడివే మనవడివి. నువ్వు లేకుండా ఎలా?

దమారిస్


సురబయా
1986 మార్చి 18

అక్కా,

నీ ఉత్తరం అందింది. అమ్మమ్మ మంచాన పడటం ఊహించుకోలేకపోతున్నాను. అయినా ధైర్యంగా ఉండు. మా పక్కింటావిడకి సరిగ్గా ఇలాగే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆర్నెల్లకి లేచి ఇప్పుడు మార్కెట్టులో చేపలవాడితో పోట్లాడుతోంది. నాన్న విషయం చూడు. జబ్బుందని మాకు తెలియనే లేదు. పొద్దున పోయాడు, సాయంత్రం నమాజు వేళకి మట్టిలో పెట్టి ఇంటికొచ్చేశాం. ఒక్క మాట చెప్పడానికి కూడా వ్యవధి లేకపోయింది. అమ్మమ్మ విషయంలో దేవుడు మనకి ఆ వ్యవధి ఇచ్చాడు.

పార్సిలు పంపుతున్నాను. బలానికి సిరప్పు, రోజుకి మూడు చెంచాలు, సీసా మీద రాశాను. కీళ్లకి రాయడానికి తైలం. ఒక ఉన్ని శాలువా, అక్కడి చలికి. మెత్తని బిస్కెట్లు, కాఫీలో ముంచి పెట్టు.

ఆమెకి చెవి వినపడుతోందా? వినపడితే, మంచి వేళ చూసి కొండ సంగతి అడుగు. మాట రాకపోయినా ఫరవాలేదు. వద్దనుకుంటే ఆమె ఊరుకునే మనిషి కాదని నీకూ తెలుసు, పడుకున్నచోటు నుంచే కర్ర విసురుతుంది. ఏమీ అనకపోతే సరేనన్నట్టే అనుకుంటాను. వచ్చే నెల మూడో వారానికి పేజీలు ప్రెస్సుకి వెళ్లాలి, కాబట్టి త్వరగా జవాబియ్యి.

పసివాళ్ల చెట్టు దగ్గర నవ్వొద్దన్న మాట అలాగే పెట్టాను. నీ మిగతా మాటల్లో ఒక్కటి నన్నే గుచ్చింది. అదీ పెట్టాను. మొదటి అచ్చు కాగితాలు జత చేశాను, తప్పులుంటే చెప్పు.

సెత్యో


బుంతు రాను
1986 ఏప్రిల్ 6

అల్లోకి,

పార్సిలు వచ్చింది. సాందో తాత ఇక్కడే ఉన్నాడు. మన బొమ్మలన్నీ చెక్కిన చెయ్యి ఆయనదే కదా, అమ్మమ్మకి జబ్బు చేసిన రోజు నుంచి రోజూ సాయంత్రం వచ్చి దక్షిణపు గదిలో కూర్చుంటున్నాడు. మూట విప్పి ఒక్కొక్కటే తీసి చూశాడు.

"చూశావుటే దమారిస్, వాడు జావా నీళ్లు తాగి పెరిగినా రక్తం మనదేనే. జబ్బుగా ఉన్న మనిషి దగ్గరికి ఒట్టి చేతుల్తో రాకూడదని వాడికెవరు చెప్పారే?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు తాతా, వాడికే తోచింది" అన్నాను.

శాలువా ఆయనే కప్పాడు. "ఇదిగోనే, నీ మనవడు పంపాడు. ఇంక చలి అని సణగొద్దు" అని ఆమెతో అన్నాడు. ఊళ్లో ఇంటింటికీ వెళ్లి చెప్పాడు కూడా. నీ గురించి ఈ ఊళ్లో మంచిమాట విని చాలా ఏళ్లయింది. సిరప్పు సీసా తలగడ పక్కన పెట్టాను.

అడగమన్నది అడిగాను. నాకు ఇష్టం లేకపోయినా అడిగాను. వక్కాకు పెట్టి, దగ్గర కూర్చుని, నీ ఉత్తరం మొదటి నుంచీ చదివాను. కొండ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచి రెండుసార్లు చదివాను. ఏమీ అనలేదు. ఏమంటుంది అల్లో? ఈ స్థితిలో ఉన్న మనిషిని ఇలాంటివి అడగడం ఏం పద్ధతి? ఇంటి పెద్ద దగ్గర నీకు అంత చనువుందేమో, నా అంతట నేనైతే అడిగేదాన్ని కాదు.

కొండ అనగానే ఒకటి గుర్తొచ్చింది. తాత బొమ్మ కుడిచెయ్యి ముందుకి చాపి ఉంటుంది కదా. చిన్నప్పుడు నువ్వు కింద నిలబడి "తాతకి ఏం కావాలంట?" అని అడిగేవాడివి. "నన్ను తొందరగా రమ్మంటున్నాడురా, నాకేమో మీతోనే తీరడం లేదు" అనేది అమ్మమ్మ. ఆయన పక్కన ఆమె కోసం చోటు అలాగే ఉంది. సాందో తాత పనస చెక్క చూసిపెట్టాడు.

నీ కాగితాల్లో లెమోని రంతెపావు పట్నానికి ఉత్తరాన పెట్టావు. దక్షిణాన ఉంది. నీ పుస్తకం నమ్మి వెళ్లినవాడు గేదెల సంతలో తేలతాడు.

దమారిస్


సురబయా
1986 జూన్ 2

అక్కా,

పుస్తకం వచ్చేసింది! మొదటి ప్రతి నీకే పంపుతున్నాను. లెమోని దక్షిణానికి మార్చాను, నీ వల్ల పరువు దక్కింది. పోయిన నెల మొదటి వారంలోనే దుకాణాలకి, హోటళ్లకి వెళ్లింది, ఇప్పటికే ఎనిమిది వందలు అమ్ముడయ్యాయి. యజమాని అందరి ముందూ నా భుజం తట్టాడు.

యాభై ఎనిమిదో పేజీ చూడు. మన కొండ! ఫొటో నాలుగేళ్ల కిందట నేనొక్కణ్ణే కొండకి వెళ్లి తీసుకున్నది. దారి పటం నేనే గీశాను. చర్చి వెనక కాలిబాట, వెదురుపొద, రెండో మలుపు, అక్కడి నుంచి మెట్లు. చిన్నప్పుడు నడిచినది చెయ్యి దానంతటదే గీసేసింది. అమ్మమ్మ ఏమీ అనలేదని నువ్వు రాసిన రోజు నేనెంత తేలికపడ్డానో చెప్పలేను. నాలుగేళ్ల కోపం దిగిపోయిందన్నమాట. నువ్వు కొంచెం చిరాకుపడ్డావు, మంచాన ఉన్న మనిషిని విసిగించానని. నిజమే, తప్పు నాదే. కానీ ఆమె సరేనంది కదా.

నలభయ్యో పేజీ నుంచి ఆచారాల మీద వ్యాసం ఉంది. ఒక డచ్చి పండితుడు రాసిచ్చాడు. మన భాషలోకి మార్చి టైపు చేసింది నేనే, మూడు రోజులు కూర్చుని. వీలైతే అది చదివి తప్పులు చెప్పు, రెండో అచ్చులో దిద్దుతాను.

ఆగస్టులో మాత్రం రాలేనక్కా. టూరిస్టులంతా వచ్చేది అప్పుడే, సెలవు అడిగితే ఉద్యోగమే పోతుంది. అందరితో పాటు గుంపులో రావడం కంటే, అమ్మమ్మ కోలుకున్నాక డిసెంబరులో తీరుబడిగా వస్తాను. అప్పటికి లేచి కూర్చుంటుంది. అదే పళ్లెం, అదే కూర, ఈసారి నేను వడ్డిస్తాను.

సిరప్పు అయిపోతే చెప్పు, ఇంకో సీసా పంపుతాను.

సెత్యో


బుంతు రాను
1986 జులై 7

సెత్యోకి,

నీ పుస్తకం నా చేతికి వచ్చేలోపే దాన్ని పట్టుకున్నవాళ్లు వచ్చారు. మొదట ఒక జంట, మర్యాదస్తులు, కింద నిలబడి చూసి దండం పెట్టి వెళ్లారు. తర్వాత ఎవరెవరో. ఎవరినీ ఆపలేదు. అమ్మమ్మ కర్ర గోడకి ఆనించి ఉంది, దాన్ని పట్టుకునే హక్కు నాకుందో లేదో తెలియలేదు.

జూన్ ఇరవై తొమ్మిది ఆదివారం, ఊరంతా చర్చిలో ఉండగా, తాత బొమ్మని ఎత్తుకుపోయారు.

చర్చి వెనక కాలిబాట, వెదురుపొద, రెండో మలుపు. అక్కడ రెండు జతల బూట్ల గుర్తులు, తాడు రాసుకుపోయిన మరకా ఉన్నాయి. మేము లోపల పాట పాడుతున్నాం, వాళ్లు మా వెనక నుంచే నడిచి వెళ్లారు. మిగతా పదమూడింటిని ముట్టుకోలేదు. అందరికంటే బాగా చెక్కినది ఆయనదే, పైగా ఫొటోలో ముందున్నది ఆయనే. లాగడంలో చెయ్యి విరిగినట్టుంది. చాపిన ఆ కుడిచెయ్యి ఒక్కటి అరుగు మీద పడి ఉంది. సాందో తాత దాన్ని చొక్కాలో చుట్టి తెచ్చాడు. పోలీసులకి చెప్పాం. రాసుకున్నారు. ఇలాంటివి ఏ దేశంలో ఏ గదిలో తేలతాయో ఎవరికి తెలుసన్నారు.

ఆ కోపంతో నీకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. నీ ఉత్తరం మళ్లీ తీశాను, ఒక్కో మాటకీ జవాబు చెప్పి కడిగేద్దామని. "కోలుకున్నాక" అన్న చోట ఆగిపోయాను. "లేచి కూర్చుంటుంది" అన్న మాటని వేలు పెట్టి రెండోసారి చదివాను.

సెత్యో, అమ్మమ్మ జబ్బుగా ఉందని నీకు రాశాను. ఈ ఇంట్లో పుట్టినవాడివి, ఆ మాటకి నీకు అర్థం చెప్పాల్సి వస్తుందని నేనెలా అనుకుంటాను?

ఇంకో మాటలో రాయమంటే రాయలేను. పెద్దకర్మ మొదలుకాకుండా ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అనరు, కాగితం మీద కూడా పెట్టరు. అంటే ఆమెని మనమే గెంటేసినట్టు.

వ్యాసంలో తప్పులుంటే చెప్పమన్నావు కదా. చదివాను. నలభై ఒకటో పేజీ, పైనుంచి నాలుగో వరుస. అందులో ఒక్క తప్పు లేదు. దాన్ని టూరిస్టులాగా కాకుండా, మన ఇంట్లో కూర్చుని చదువు.

దమారిస్


సురబయా
1986 జులై 22

అక్కా,

చదివాను.

"ఈ కొండల్లో పెద్దకర్మ జరిగేవరకూ మనిషి పోయినట్టు కాదు. జబ్బుగా ఉన్నారనే అంటారు. శరీరం చెడకుండా సూదులు వేయించి, ఇంట్లో దక్షిణపు గదిలో ఉంచి, వేళకి కాఫీ, అన్నం పెట్టి, రోజూ పలకరిస్తారు."

నేనే టైపు చేశాను అక్కా. దక్షిణపు గది అన్న మాట దగ్గర అక్షరం తప్పు పడితే రబ్బరుతో చెరిపి మళ్లీ కొట్టాను కూడా. అప్పటికి నీ ఉత్తరం నా సొరుగులోనే ఉంది. దక్షిణపు గది, సూదులు, కాఫీ, అన్నం, మాట లేదు. అన్నీ ఉన్నాయి. ఎక్కడో కొండల్లో ఎవరో మనుషుల సంగతి అనుకుంటూ కొట్టేశాను. నవ్వు కూడా వచ్చింది, టూరిస్టులకి ఇది బాగా నచ్చుతుందని.

ఆమె ముందు సిరప్పు పెట్టించాను. రోజుకి మూడు చెంచాలు. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆమెని అడిగించాను, ఏమీ అనకపోతే సరేనన్నట్టే అన్నాను. జనవరి నుంచీ ఆమె ఎవరికీ ఏమీ అనలేని మనిషి. ఆ మౌనం చూసుకుని మెట్ల దాకా పటం గీసి ఇచ్చాను. తాతని ఎత్తుకుపోయిన వాళ్ల చేతికి తాడొక్కటే నేను ఇవ్వలేదు.

గోదాములో ఇంకా పన్నెండు వందల ప్రతులు ఉన్నాయి. బ్లేడు తీసుకుని కూర్చున్నాను. యాభై ఎనిమిది, దాని వెనక యాభై ఏడు. యజమాని వచ్చి చూశాడు.

"నీకేమైనా పిచ్చి పట్టిందా? ఒక్క కాగితం కోసం పుస్తకాలన్నీ పాడుచేస్తావా?"

"ఆ కాగితం మా ఇల్లండీ" అన్నాను.

"మీ ఇల్లయితే అచ్చుకెందుకు ఇచ్చావయ్యా?"

కోస్తూనే ఉన్నాను. నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజున రావద్దన్నాడు. కోసినవన్నీ వెనక పెరట్లో తగలబెట్టాను. అప్పటికే అమ్ముడైనవి ఎవరెవరి సంచుల్లో ఉన్నాయో, అవి నా చేతికి రావు.

నాన్న పోయినప్పుడు పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య అంతా అయిపోయింది. ఇక్కడ ఎప్పుడూ అంతే. అందుకే ఒక మనిషి పోయి కూడా ఇంట్లోనే ఉంటుందని నాకు తట్టలేదు. ఇది సాకు కాదు. నువ్వైనా నమ్మాలని రాస్తున్నాను.

ఆగస్టు అన్నది దేనికో ఇప్పుడు తెలిసింది. రావడానికి నాకు మొహం లేదు. వచ్చినా ఏం లాభం? ఆమె కాఫీ పట్టుకుని ఒరిగిపోయిన రోజే నాకు ఆలస్యమైపోయింది. పళ్లెం ముందు నుంచి లేచినవాడిని లేచినట్టే మిగిలిపోయాను. క్షమించమని అడగడానికి మనిషి లేదు.

అల్లో


బుంతు రాను
1986 ఆగస్టు 3

అల్లోకి అక్క రాసేది.

నీ ఉత్తరం సాందో తాతకి చదివి వినిపించాను. అంతా విని, "సిరప్పు సంగతి నిజమేనటే? వాడు నిజంగా తాగుతుందనుకునే పంపాడా?" అని అడిగాడు. అవునన్నాను. ముసలాయన నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాడు. తర్వాత అదే గుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. "ఆ సీసా తీయకు, అక్కడే ఉండనీ" అన్నాడు.

ఇప్పుడు నా వంతు. నీ మీద అరవడం సులువు, కానీ అంతా నీ తప్పేనని రాస్తే అది అబద్ధమవుతుంది. సీసా మీద నువ్వు రాసిన "రోజుకి మూడు చెంచాలు" చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. జబ్బుగా ఉన్నవాళ్లకి సిగరెట్లు తెస్తారు, బిస్కెట్లు తెస్తారు, లెక్క రాసి మందు ఎవరూ తేరు. వీడికి తెలియలేదని నా మనసుకి తట్టింది. తట్టనట్టు ఊరుకున్నాను. ఒకటి, ఊళ్లోవాళ్లు నిన్ను మెచ్చుకుంటున్నారు, ఆ మాట చెడగొట్టబుద్ధి కాలేదు. రెండు, అది చెప్పడానికే సిగ్గుగా ఉంది. ఎక్కడో సురబయాలో ఒకడు అమ్మమ్మ లేచి కూర్చుంటుందని ఎదురుచూస్తున్నాడు. చేపలవాడితో పోట్లాడే మీ పక్కింటావిడ గురించి రాశావు చూడు, ఆ వాక్యం దక్షిణపు గదిలో కూర్చుని ఎన్నిసార్లు చదువుకున్నానో. ఇక్కడ అందరికీ తెలుసు. తెలియనివాడివి నువ్వొక్కడివే. నీ ఉత్తరాల్లోనే ఆమె ఇంకా కోలుకుంటోంది. అది పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ ఏప్రిల్ ఉత్తరంలోనే నలభై ఒకటో పేజీ మాట చెప్పి ఉంటే యాభై ఎనిమిదో పేజీ ఉండేది కాదు, తాత ఉండేవాడు. ఇది నువ్వు మొయ్యాల్సిన బరువులో నా సగం. తీసుకుంటున్నాను.

అమ్మమ్మ బొమ్మ దాదాపు అయింది. పనస చెక్క పచ్చగా మెరుస్తోంది. ముక్కు మాత్రం ఆమెది కాదని నాకూ సాందో తాతకీ రోజూ గొడవ. తాత చోట్లో కొత్త బొమ్మ చెక్కుతావా అని అడిగితే వద్దన్నాడు. "ఆయన్ని నేను ఒక్కసారే చెక్కాను. దొంగిలించారని ఇంకో మొగుణ్ణి చేసి నిలబెట్టనా?" అన్నాడు. ఆ విరిగిన చెయ్యి ఉంది కదా, దాన్ని ఆమె పక్కన అరుగు మీద పెడతారు. రమ్మని చాపిన చెయ్యి, అదైనా ఉంది.

మొన్న ముగ్గురు వచ్చారు, చేతిలో నీ పుస్తకం. కర్ర తీసుకుని చర్చి వెనక దారికి అడ్డంగా నిలబడ్డాను. "పుస్తకంలో ఉంది కదా" అన్నారు. "తప్పు పడింది" అన్నాను. వాళ్లని బతుతుమొంగా పంపించాను. ఇక నుంచి ఆ దారికి నేనే అడ్డం.

ఇక నీ ఆఖరి మాటకి. ఆలస్యమైపోయిందని రాశావు, అడగడానికి మనిషి లేదని రాశావు. అది మీ ఊరి లెక్క. ఇక్కడ ఇరవయ్యో తారీకు పొద్దున పెద్దకర్మలో బలి ఇచ్చే మొదటి గేదె నేలకొరిగేవరకూ ఎవరికీ ఆలస్యం కాలేదు. అప్పటిదాకా ఆమె జబ్బుగానే ఉంది. రోజూ పొద్దున కాఫీ పెడుతున్నాను, నీ శాలువా సర్దుతున్నాను, నీ గురించి చెబుతున్నాను. నీ బ్లేడు సంగతి కూడా చెప్పాను.

ఉద్యోగం ఎలాగూ పోయింది, సెలవు అడగాల్సిన పని లేదు. ఈ ఉత్తరం అందిన రోజే ఓడెక్కు. ఉజుంగ్ పాండాంగ్‌లో దిగి సాయంత్రం బస్సు పట్టుకో, తెల్లారేసరికి ఊరి మలుపు దగ్గర దిగుతావు. కూర నేను వండుతాను, పళ్లెం నువ్వు పట్టుకెళ్లి ఆమె ముందు పెట్టు. ఆమె పక్కన కూర్చుని నువ్వూ తిను, ఈసారి మెతుకు మిగలకుండా. తిన్నాక అడగాల్సింది అడుగు.

ఆమె ఏమీ అనదు. దాన్ని మాత్రం మళ్లీ సరేనన్నట్టు అనుకోకు.

దమారిస్